బడిలేని చదువు - పూర్వపక్షమునకు చోటు

పిల్లలను బడికి పంపక, పాఠ్యక్రమమును విధింపక, వారి కుతూహలము నడిపించిన త్రోవనే వారిని చదువుకొననిచ్చు పద్ధతి యొకటి గలదు. దానిని ఆంగ్లమున అన్‌స్కూలింగ్ అందురు. మనము బడిలేని చదువు అనవచ్చును. బడిపుస్తకములనే యింటిలో ముందిడుకొని తల్లిదండ్రులు పాఠములు చెప్పుట వేఱు, ఇది వేఱు. ఇందు గంట లేదు, తరగతి లేదు, పరీక్ష లేదు. పిల్లవాడు వంటయింటి కొలతలను చూచి భిన్నములు నేర్చినను, చెఱువుగట్టున కప్పలను చూచి జీవశాస్త్రమున ప్రవేశించినను, ఆఱునెలలు బొమ్మలు గీయుటయందే గడపినను, పెద్దలు అడ్డుపడక, అడిగిన పరికరములను సమకూర్చి, అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పుచు నుందురు.

ఈ త్రోవ పట్టిన కుటుంబములు కొలది. బంధువులు పరిహసింతురు, ఇరుగుపొరుగువారు జాలిపడుదురు. కాబట్టి వారు అప్పుడప్పు డొకచోట గూడి చర్చాగోష్ఠులు జరుపుకొనుచుందురు. అట్టి గోష్ఠులలో తఱచుగ నొక వివాదము తలయెత్తును. ఒక తల్లి లేచి, "మా వానికి పదేండ్లు నిండినవి. ఇంకను చదువుట రాలేదు. ఎంతకాల మిట్లు వేచియుండవలెను?" అని యడుగును. మఱియొక తండ్రి, "ఈ పద్ధతి కొందఱు పిల్లలకు సరిపడదేమో" అనును. వెంటనే సభ రెండుగా చీలును. "ఈ ప్రశ్న లడుగువారు లోకమంతట నున్నారు, ఇచ్చటికికూడ వారేల?" అని యొక పక్షము. "ప్రశ్నను వెడలగొట్టిన చోట విద్య యెక్కడిది?" అని రెండవ పక్షము.

బడిలేని చదువు మంచిదా, చెడ్డదా యనుట యీ వ్యాసమునకు ప్రధానవిషయము గాదు. దానిని నమ్మినవారి గోష్ఠిలో దానిని శంకించువానికి చోటుండవలెనా యనునదియే ఇచ్చట విమర్శింపదగినది. ఈ చిన్న ప్రశ్నలోనే ఆ సిద్ధాంతముయొక్క బలాబలము లిమిడియున్నవని నా తలంపు. నేను బడిపంతులను, బడివలన బ్రదుకుచున్నవాడను. చదువరులు నా మాటలను ఆ మేరకు తగ్గించి గైకొందురు గాక.

ఈ పద్ధతికి పేరు పెట్టినవాడు జాన్ హోల్ట్ అను అమెరికా దేశీయుడు. ఆయన 1923లో జన్మించి 1985లో మరణించెను. ఆయనయు బడిపంతులే. తన తరగతిలోని పిల్లలను దినదినము గమనించి వ్రాసికొన్న విషయములతో 1964లో 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' అను గ్రంథమును ప్రకటించెను. తెలివిగల పిల్లలు బడిలో మందబుద్ధులవలె ప్రవర్తించుటకు కారణము భయమని అందు చూపెను. పిల్లలు లెక్కనుగూర్చి యాలోచింపరు. పంతులు మెచ్చు జవా బేదియని యాలోచింతురు. పంతులుగారి మొగమువైపు చూచి, కనుబొమలు ముడిపడినచో జవాబును మార్చుకొందురు. ఈ పరిశీలన యెంత నిజమో, తరగతిలో సుద్దముక్క పట్టిన ప్రతివానికిని తెలియును.

మొదట హోల్ట్ బడులను బాగుచేయవచ్చునని నమ్మెను. పిమ్మట ఆ యాశను విడిచి, 1977లో బోస్టను నగరమునుండి 'గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్' అను చిన్నపత్రికను వెలువరింప నారంభించెను. ఆయన మరణానంతరముగూడ ఆ పత్రిక నడచి, 143 సంచికలు వెలువడినపిమ్మట 2001లో నిలిచిపోయెను. అందు పాఠకుల లేఖలకు పెద్దచోటుండెడిది. ఒక యూరి తల్లి తన యనుభవమును వ్రాయగా వేఱొక యూరి తండ్రి దానికి బదులు వ్రాసెడివాడు. నేటి గోష్ఠులకు ఆ పత్రికయే తల్లి యనవచ్చును.

ఇప్పుడు ప్రతిపక్షము వలదనువారి వాదమును న్యాయముగ వినవలెను. వారిని సంకుచితు లని త్రోసివేయుట సులభము. ఆ సులభమార్గము విమర్శకు తగదు. అమెరికాలో నిర్బంధవిద్యాశాసనము మొదట 1852లో మసాచుసెట్స్ రాష్ట్రమున పుట్టి, 1918 నాటికి అన్ని రాష్ట్రములకును వ్యాపించెను. అందుచేత హోల్ట్ పత్రిక ప్రారంభమైన కాలమున పిల్లలను బడికి పంపనివారు న్యాయస్థానములకు జవాబు చెప్పుకొనవలసినవారైరి. ఇంటివిద్యకు మొత్తము 50 రాష్ట్రములలోను చట్టసమ్మతి కలుగుటకు 1993 వఱకు పట్టెను. అట్టి కాలమున ఆ కుటుంబములకు కావలసినది వాదము గాదు, ఆశ్రయము.

నేటి తల్లికిని అట్టి యవసర మున్నది. ఉదయమున అత్తగారు, "ఏమమ్మా, పిల్లవానిని బడిలో నెప్పుడు వేసెదవు?" అని యడుగును. మధ్యాహ్నమున పొరుగింటివారడుగుదురు. సాయంకాలమున భర్తయు సందేహించును. ఆమె గోష్ఠికి వచ్చునది మూలసూత్రములను మరల నొకమాఱు సమర్థించుకొనుటకు గాదు. లెక్కలయందు ఆసక్తి పుట్టిన పిల్లవానికి ఏ పుస్తక మీయవచ్చునో తెలిసికొనుటకు. నెలనెల కొక క్రొత్తవాడు వచ్చి "బడి లేక చదువెట్లు వచ్చును?" అని మొదటికే పోవుచుండిన, ఆ గోష్ఠి యెన్నటికిని రెండవ మెట్టెక్కదు. తోటపనివారి సంఘమునకు పోయి, చెట్లు పెంచుటవలన ప్రయోజనమేమి యని ప్రతి సమావేశమునను అడుగువానిని ఎవరు సహింతురు? ఈ వాదమున బలమున్నది.

రెండవ పక్షమువారు ప్రతిపక్షము నంతటిని స్వాగతింపవలె నందురు. వీరి యుద్దేశ్యము మంచిదేగాని వీరు విభాగము చేయుట మఱచినారు. మన ప్రాచీనులు చర్చ యనుదానిని ఒక్కటిగా చూడలేదు. న్యాయసూత్రకారుడైన గౌతముడు కథను వాదము, జల్పము, వితండము అని మూడుగా విభజించెను. సత్యమును తెలిసికొనుటకై ఉభయులును ప్రమాణపూర్వకముగ మాటలాడుట వాదము. గెలుపే ప్రయోజనముగ ఛలమునైనను వాడి మాటలాడుట జల్పము. తనకొక పక్షమును నిలుపుకొనక ఎదుటివాని పక్షమును పడగొట్టుటయే పనిగా పెట్టుకొనుట వితండము. పాఠశాల యెట్లుండవలెనో తాను చెప్పడు; తన బిడ్డ కేమి చేయుచున్నాడో చెప్పడు; నీ బిడ్డ చెడిపోవునని మాత్రము చెప్పును. వీడు వైతండికుడు. వీనికి వాకిలి మూసినందువలన విద్యకు లోపము రాదు. కాని వైతండికుని వెడలగొట్టు నెపమున వాదిని గూడ వెడలగొట్టుట యున్నది చూచితిరా, అచ్చటనే దోషము ప్రవేశించుచున్నది.

వీరిద్దఱిని వేఱుపఱచు గుఱుతులు సులభముగనే యున్నవి. వాది తన ప్రశ్నకు ఎట్టి జవాబు వచ్చిన తాను సమాధానపడునో చెప్పగలడు. వైతండికు డెట్టి జవాబునకును సమాధానపడడు. వాదిప్రశ్న ఒక నిజమైన పిల్లవానినిగూర్చి యుండును. వైతండికుని ప్రశ్న పిల్లలందఱిని గూర్చి యుండును. పదేండ్ల కొడుకునకు చదువుట రాలేదని కంటతడి పెట్టుకొన్న తల్లి వైతండికురాలా? ఆమెకు "నీకు విశ్వాసము చాలలేదు" అని బదులు చెప్పుట జవా బగునా? ఆ బిడ్డకు అక్షరములు కంటికి తారుమారుగ తోచు చిక్కేమైన నున్నదేమో, చూపు మందగించినదేమో, లేక చదువుటపై ఇంకను కోరిక పుట్టలేదేమో విచారింపవలసియుండును. ఈ మూడింటికిని చికిత్స యొక్కటి గాదు. విశ్వాసమును పరీక్షించుచు కూర్చున్న గోష్ఠి యీ విచారణ చేయజాలదు. ఆలస్యమునకు మూల్యము చెల్లించువాడు ఆ బిడ్డ.

ఇంతకంటె లోతైన దోషము మఱియొకటి కలదు. బడిలేని చదువునకు పునాది యేమి? ప్రశ్నించుట మనుష్యునకు స్వభావ మనియు, తప్పు జవాబునకు శిక్ష పడునను భయము ఆ స్వభావమును చంపుననియు గదా. అట్టి సిద్ధాంతమును నమ్మిన గోష్ఠిలో ఒక తల్లి తన సందేహమును వెలిబుచ్చుటకు ముందు అచ్చటి పెద్దల మొగములను చూచి, కనుబొమలు ముడిపడునేమో యని తన ప్రశ్నను మ్రింగుకొనినయెడల, హోల్ట్ తన తరగతిలో చూచిన పిల్లకును ఈమెకును భేదమేమి? బల్లలు, నల్లబల్ల, గంట లేకపోవచ్చును. ఒప్పు జవాబు ముందుగనే నిర్ణయింపబడి, దానిని పలికినవారికి మెప్పును, పలుకనివారికి చిన్నచూపును కలుగుచున్నచో ఆ గోష్ఠి బడియే. వారు పిల్లలను దేనినుండి తప్పించిరో దానిలో తాము కూర్చుండిరి. పిల్లలు మన మాటలవలనకంటె మన నడతవలన నెక్కుడుగ నేర్చుకొందురని చెప్పువారు వారే గనుక, ఇది చిన్న దోషము గాదు.

ఆ సిద్ధాంతమునకు మూలపురుషుడే ఈ విషయమున మంచి మార్గమును చూపెను. 1982లో 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' గ్రంథమును మరల ముద్రించునపుడు ఆయన పూర్వపు వ్రాతను తుడిచివేయలేదు. పాత వాక్యములను నిలిపియుంచి, నడుమనడుమ క్రొత్త వ్యాఖ్యలను చేర్చి, కొన్నిచోట్ల తన పూర్వాభిప్రాయములను తానే ఖండించెను. ఆ పుస్తకమున పూర్వపక్షియు, సిద్ధాంతియు ఒక్కడే. మరుసటి సంవత్సరము 'హౌ చిల్డ్రన్ లెర్న్' గ్రంథమును గూడ అట్లే సంస్కరించెను. తన్ను తాను ప్రశ్నించుకొన్న గురువునకు శిష్యులై, ఇతరులు ప్రశ్నింపరాదని శాసించుట తగునా?

ప్రతిపక్షమును వెడలగొట్టుటవలన కలుగు నష్టములలో ప్రమాణనష్టము ముఖ్యమైనది. అమెరికాలో పీటర్ గ్రే, గినా రైలీ అను పండితులు బడిలేని చదువుతో పెరిగి పెద్దవారైన 75 మందిని విచారించిరి. వారిలో నూటికి 83 మంది ఏదో యొక ఉన్నతవిద్యలో ప్రవేశించినవారు. పలువురు తమ బాల్యమును గూర్చి సంతోషముతో చెప్పిరి. ముగ్గురు మాత్రము తమకు అన్యాయము జరిగినదనిరి. ఇంటిలోని దుస్థితియు, ఒంటరితనమును తమ్ము బాధించిన వనిరి. గోష్ఠులలో ఈ 83 తఱచుగ వినబడును. ఆ ముగ్గురు వినబడరు. అదియునుగాక ఈ 75 మంది తమంతట తాము ముందునకు వచ్చినవారు. బాగుపడినవాడు ఉత్సాహముతో సాక్ష్యము చెప్పును, చెడినవాడు దాగును. ఈ సంగతిని గణింపక 83 అను సంఖ్యను జయఘంటగా మ్రోగించుట న్యాయము గాదు.

బడిపక్షమువారికిని ఇట్టి జయఘంట యొకటి యున్నది. కెనడాలో 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో 5 మొదలు 10 ఏండ్ల లోపలి పిల్లలను పరీక్షించిరి. అందు బడికి పోవువారు 37 మంది, ఇంట చదువువారు 37 మంది. ఇంట క్రమముగ పాఠములు చెప్పించుకొన్నవారు బడిపిల్లలకంటె మెఱుగుగ నుండిరి. ఏ క్రమమును లేని 12 మంది అందఱికంటె వెనుకబడియుండిరి. దీనిని చూపి "తీరినది మీ సంగతి" అనువారు గలరు. కాని పండ్రెండుగురు పిల్లలతో లోకమునకు తీర్పు చెప్పవచ్చునా? ఆ పద్ధతివారు ఎనిమిదవయేట చదువుట రాకున్నను పండ్రెండవయేట వచ్చునని చెప్పుచుండగా, చిన్నవయస్సుననే పరీక్షించి ఓడినారనుట పందెము ముగియకముందే ఫలితమును ప్రకటించుట గాదా? అయినను ఆ పండ్రెండుగురి సంగతి గోష్ఠిలో వినబడవలసినదే. వినినయెడల, "మన పిల్లలు వెనుక కలిసికొందు రనుటకు మనయొద్ద ప్రమాణ మేమున్నది? మన మేమి వ్రాసియుంచినాము?" అను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నవలన పద్ధతికి బలమే కలుగును.

రెండు పక్షములవారును తఱచుగ మఱచు మూడవ పక్ష మొకటి యున్నది. అది పిల్లవాడు. 1972లో అమెరికా సుప్రీముకోర్టు ఆమిష్ మతస్థుల వ్యాజ్యెమున, తమ బిడ్డలను ఎనిమిదవ తరగతితో బడి మాన్పించు హక్కు ఆ తల్లిదండ్రులకు కలదని తీర్పు చెప్పెను. అప్పుడు డగ్లస్ అను న్యాయమూర్తి కొంతవఱకు భిన్నాభిప్రాయమును ప్రకటించెను. తండ్రి హక్కును, రాజ్యము హక్కును తూచుచున్నారు గాని, బిడ్డ యభిప్రాయమును గూడ అడుగవలదా యని ఆయన భావము. ఆ పిల్ల వైణికురాలో, ఖగోళజ్ఞురాలో కాగోరినయెడల ఆమె మాట ఎవరు విందురు? ఈ ప్రశ్న బడిలేని గోష్ఠికి ముల్లువలె తగులవలెను. బిడ్డ యిచ్చయే ప్రమాణమని చెప్పు ఇంటిలో బిడ్డ "నేను బడికి పోయెదను" అని యడిగిన నేమి చేయుదురు? పంపినవాడు తన సిద్ధాంతమునకు నిజమైన భక్తుడు. "నీకింకను తెలియదు" అని యాపినవాడు బడిపంతులయందు తాను నిందించిన యధికారమునే తాను చేపట్టినవాడు.

ఇంతవఱకు చెప్పినది పరదేశపు సంగతి. మన తెలుగునాట ఈ గోష్ఠులు జరుగునపుడు వేఱొక పూర్వపక్షము తప్పక వినవలసియున్నది. మన భాషలో "బడి మాన్పించుట" యను మాటకు స్వేచ్ఛ యను నర్థము లేదు. బడి మాన్పింపబడిన పిల్ల విత్తనపు ప్రత్తిచేలలో పువ్వులకు పుప్పొడి అద్దినది. చెల్లెలి నెత్తుకొని ఇంటిని కాచినది. పదునాఱు నిండకముందే పెండ్లిపీట నెక్కినది. వీరేశలింగముగారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించినపుడు ఆడపిల్లకు బడియే స్వేచ్ఛ. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర వెలసిన సంస్థ శాంతా సిన్హాగారి నాయకత్వమున 1991 మొదలుకొని పనిపిల్లలను బడికి చేర్చు నుద్యమమును నడపెను. పగటి బడికి పోని ప్రతి బిడ్డయు పనిబిడ్డయే యని వారి మూలసూత్రము. ఈ సేవకుగాను శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించెను.

బడిలేని చదువును, ఈ సూత్రమును ఎదురెదురుగ నిలిపి చూడుడు. ఒకటి బడిని చెఱయనుచున్నది; రెండవది బడిని విడుదల యనుచున్నది. పుస్తకములును, తీరికయు, చదువుకొన్న తల్లియు గల యింటిలో మొదటిమాట నిజము కావచ్చును. కూలికి పోవు తల్లి యింటిలో రెండవమాటయే నిజము. 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కుచట్టము 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలకు ఉచితవిద్యను హక్కుగ నిచ్చుచు, బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి యని చెప్పుచున్నది. ఇది తమకు సంకెల యని బడి వలదనువారు కొంద ఱందురు. ఆ సంకెలయే వేఱొక యింటి బిడ్డను చేనినుండి లాగుకొనివచ్చు త్రాడని వారి గోష్ఠిలో ఎవరో యొకరు లేచి చెప్పవలెను. చెప్పినవానిని వెడలగొట్టరాదు. తమకు మినహాయింపు కోరుట వేఱు, చట్టమునే నిందించుట వేఱు అను వివేకము అట్టి ప్రతిపక్షమువలననే కలుగును.

అట్లని బడిపక్షమువారు తల యెగురవేయుటకు వీలులేదు. 2022లో అసర్ సంస్థవారు గ్రామసీమలలో విచారించినపుడు, అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు దేశమున నూటికి 43 మందియైన లేరు. తక్కిన పిల్లలు అయిదేండ్లు బడిలో కూర్చుండి యేమి నేర్చిరి? నగరములలో తెల్లవాఱకముందే లేపి రాత్రి పొద్దుపోవువఱకు వల్లెవేయించు వసతికళాశాలలు మన కన్నులయెదుట నున్నవి. ఆ బిడ్డల మొగములు చూచిన తండ్రి బడియే వలదనుకొనిన, వానిని పిచ్చివాడనుట మాకు తగదు. ఉపాధ్యాయుల సభలలో బడి వలదనువానికి మాట్లాడుట కవకాశ మిచ్చినట్లు నేను చూడలేదు. వారి గోష్ఠిలో మాకు చోటు కావలెనని కోరు మేము మా సభలలో వారికి చోటీయవలదా?

ఈ రెండు పక్షములకును మన పూర్వగ్రంథములలో నొక కథ యున్నది. ఛాందోగ్యమున శ్వేతకేతువు పండ్రెండవయేట గురుకులమునకు పోయి, ఇరువదినాల్గవయేట వేదములన్నియు చదివి, గర్వముతో నింటికి వచ్చెను. తండ్రి యుద్దాలకుడు వాని నొక ప్రశ్న యడిగెను. గురుకులమున దానికి జవాబు దొరకలేదు. పిమ్మట తండ్రి మఱ్ఱిపండును తెప్పించి, ఉప్పును నీట కలిపించి, కన్నుల యెదుట బోధించెను. బడి చాలదనువారికి ఈ కథ యనుకూలమే. కాని పండ్రెండేండ్లు గురుకులమునకు పంపినవాడును ఆ తండ్రియే. రవీంద్రనాథ ఠాకూరుగారు బాల్యమున బడులను సహింపలేక విడిచినవారు. 1901లో శాంతినికేతనమున బడి పెట్టినవారును వారే. బడియొక్క దోషమును బాగుగ నెఱిగినవాడు దానిని దిద్దుటకు పూనుకొనిన నెంత మేలు కలుగునో ఇందు కనబడుచున్నది.

కావున నా తీర్పు చిన్నది. గోష్ఠులవారు తమ కాలమును కాపాడుకొనవచ్చును. మూలసూత్రములపై వాదమునకు వేఱుగ నొక దినమును నియమించి, తక్కిన దినములను ఆచరణవిషయములకు కేటాయింపవచ్చును. వైతండికునకు వాకిలి చూపవచ్చును. కాని తమలోనుండి లేచిన సందేహమును ద్రోహముగ నెంచరాదు. తమ మార్గమును విడిచి బిడ్డను బడిలో చేర్చినవారిని సంవత్సరమున కొకమాఱైన పిలిచి, ఏల విడిచిరో వినవలెను. ఏ పిల్లవా డెప్పుడు చదువ నేర్చెనో, ఎచ్చట చిక్కుపడెనో దాచక వ్రాసియుంచవలెను. పెద్దపిల్లలను గూడ సభలో కూర్చుండబెట్టి వారి మాట వినవలెను. శంకరులంతటివారు ప్రతిపక్షముయొక్క వాదమును ముందుగ చెప్పి, పిమ్మటగదా తమ సిద్ధాంతమును స్థాపించిరి.

ఆ పదేండ్ల పిల్లవాని తల్లికి నేటికిని జవాబు కావలసియున్నది. ఆమె ప్రశ్నను విని, వాని కన్నులను పరీక్షింపించి, వానితో కూర్చుండి, అవసరమైన యెడల తమ పద్ధతిని సడలించియైన వానికి అక్షరములను అందించు గోష్ఠి నిజమైన విద్యాగోష్ఠి. పాఠశాలలోనుండువారమును, బయటనుండువారును మొదట ఆ బిడ్డవైపు చూచి, పిదప మన సిద్ధాంతములవైపు చూచుకొందము.